ఒకే మ్యాచ్, మనిషికో రేటు



శ్రీశైలంలో మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు ముగిసి, ఉగాదికి కన్నడ ప్రాంతాల నుంచి నల్లమల దారుల్లో నడిచివచ్చే భక్తుల సందడి కూడా సద్దుమణిగే వేళకు ఇంచుమించుగా ఐపీఎల్ మొదలవుతుంది. కొండ మీద కొబ్బరికాయలు, కుంకుమ, పూసల దండలు అమ్ముకునేవాళ్లు, జీపులు, ఆటోలు తోలేవాళ్లు, సత్రాల్లో, హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లు ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లజూసే రోజులవి. కొండ దిగితే కర్నూలు, నంద్యాల పల్లెల్లో శనగలు అమ్మిన డబ్బు అప్పుడే రైతు చేతికొచ్చి ఉంటుంది. కోసిగి, కౌతాళం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోయిన కుటుంబాలు కూలి డబ్బు కొంగున కట్టుకుని ఊరు చేరే కాలం కూడా అదే. జూన్‌లో ముంగారు వానలు పడి విత్తనాలు, ఎరువులు కొనేదాకా ఆ డబ్బు ఇంట్లోనే ఉంటుంది. సరిగ్గా ఆ రెండు నెలలూ రోజూ సాయంత్రం ఏడున్నరకు మ్యాచ్. మ్యాచ్‌కు ముందు ఫోన్‌లోకి ఒక మెసేజ్.

'మీ కోసమే ప్రత్యేక ఆఫర్. వెయ్యి వేస్తే వెయ్యి బోనస్. ఈ రాత్రి వరకే.'

ఈ రోజు ఆ మెసేజ్ గురించి మాట్లాడుకుందాం. జూదం తప్పా ఒప్పా అన్న వాదం చాలా పాతది, దాని మీద ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది. నేను అడిగేది అంతకంటే చిన్న ప్రశ్న. ఒకే మ్యాచ్ మీద, ఒకే యాప్‌లో, ఒకే నిమిషంలో పందెం కాసిన ఇద్దరికి రెండు రకాల రేట్లు, రెండు రకాల బహుమతులు, రెండు రకాల హద్దులు ఉంటే దాన్ని ఆట అనవచ్చా? ఆ తేడాను మన తెలివిని బట్టి కాక మన బలహీనతను బట్టి నిర్ణయిస్తే దానికి న్యాయం అన్న పేరు పెట్టగలమా?

మన సీమకు పందెం కొత్త కాదు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో మట్కా పేరు వినని ఊరు అరుదు. అది పుట్టింది బొంబాయిలో, పత్తి వ్యాపారం నీడన. న్యూయార్క్ పత్తి మార్కెట్ తెరిచినప్పుడు పలికిన ధర, మూసేటప్పుడు పలికిన ధర టెలిప్రింటర్ మీద బొంబాయికి వచ్చేవి. ఆ అంకెల మీద పందేలు కాసేవారు. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోయాక కుండలో చీటీలు వేసి అంకెలు తీయడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి గుంతకల్లు, ఆదోని, తాడిపత్రి, ప్రొద్దుటూరు దాకా పందేలు రాసే బీటర్ల చీటీల మీదికి ఎక్కింది. సింగిల్ అంకె తగిలితే రూపాయికి తొమ్మిది రూపాయలు అన్నది చాలా చోట్ల నడిచిన రేటు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు పది. పదిమంది తలా ఒక అంకె మీద రూపాయి వేస్తే పోగయ్యేది పది, చెల్లించేది తొమ్మిది, మిగిలిన రూపాయి నిర్వాహకుడిది. మట్కా ఎన్ని సంసారాలను కూల్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. అయితే ఒక్క సంగతి గమనించండి. ఆ తొమ్మిది రూపాయల రేటు చేనేత కూలీకీ, బంగారు కొట్టు యజమానికీ ఒకటే. పదో రూపాయి ఎక్కడికి పోతోందో వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన ప్రతివాడికీ తెలుసు.

హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో టోట్ పద్ధతి ఉంది. ఒక రేసుకు వచ్చిన పందేల డబ్బంతా ఒకచోట చేర్చి, అందులోంచి నిర్ణయించిన శాతం మినహాయించుకుని, మిగిలినది గెలిచిన టికెట్ల మీద సమానంగా పంచుతారు. ఎంత వస్తుందో బోర్డు మీద అందరికీ కనబడేలా రాస్తారు. గుర్రప్పందెంలో నైపుణ్యమే ప్రధానమని 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది చట్టం అనుమతితో నడుస్తోంది. అక్కడా ఓడేవాళ్లే ఎక్కువ. అయినా నా టికెట్‌కు ఒక డివిడెండ్, పక్కవాడి టికెట్‌కు ఇంకొక డివిడెండ్ అన్న మాట అక్కడ లేదు.

క్రికెట్ పందెం సెల్‌ఫోన్‌లోకి వచ్చాక అందరికీ ఒకే రేటు అన్న ఈ ఒక్క నియమం కూడా పోయింది. ఎలా పోయిందో లెక్క వేసి చూద్దాం. చదువుకునే పిల్లలు దగ్గరుంటే కాగితం, పెన్ను తీసుకోమనండి.

రెండు జట్లూ సమఉజ్జీలు అనుకుందాం. ఇద్దరు స్నేహితులు చెరో రూపాయి కాస్తే, గెలిచినవాడికి తన రూపాయి, ఎదుటివాడి రూపాయి కలిపి రెండు రూపాయలు రావాలి. యాప్‌లో మాత్రం రేటు 1.90 అని కనిపిస్తుంది. అంటే రూపాయికి రూపాయి తొంభై పైసలు. వెయ్యి రూపాయల చొప్పున వంద పందేలు కాశారనుకోండి. మొత్తం లక్ష రూపాయలు. సమఉజ్జీలు కాబట్టి యాభై గెలిచి యాభై ఓడారు. గెలిచిన ఒక్కొక్క పందేనికి 1,900 చొప్పున వెనక్కి వచ్చేది 95,000. నిర్వాహకుడికి మిగిలింది 5,000.

ఇప్పుడు ఇంకొకరి ఫోన్‌లో అదే మ్యాచ్‌కు 1.85 కనిపించిందనుకోండి. తేడా ఐదు పైసలు. ఐదు పైసలను ఈ రోజుల్లో ఎవరు లెక్కచేస్తారు? లెక్కచేయాలి. అదే లక్ష రూపాయల పందేలకు ఈయనకు వెనక్కి వచ్చేది 92,500. పోయింది 7,500. రేటులో ఐదు పైసలు తగ్గితే నష్టం ఒకటిన్నర రెట్లయింది. ఇద్దరూ ఒకే మ్యాచ్ చూశారు, ఒకే జట్టును నమ్మారు, అన్నే పందేలు గెలిచారు. ఒకరి జేబులోంచి ఐదు వేలు, ఇంకొకరి జేబులోంచి ఏడున్నర వేలు పోయాయి. రెండో ఆయన పక్కవాడి ఫోన్ చూస్తే తప్ప ఈ సంగతి ఆయనకు జన్మలో తెలియదు.

రేటును నేరుగా మార్చడం ఒక పద్ధతి. దానికంటే నాజూకైనది ఇంకొకటి ఉంది. తెర మీద అందరికీ ఒకే రేటు చూపించి, కొందరికి మాత్రం విడిగా కూపన్ పంపుతారు. 'ఈ ఒక్క మ్యాచ్‌కు మీ గెలుపు మీద పాతిక శాతం అదనం' అంటారు. అమెరికా, బ్రిటన్ కంపెనీలు దీన్ని బూస్ట్ అంటాయి. పేరుకు రేటు ఒకటే, చేతికి వచ్చేది మనిషికో రకం. కూపన్ ఎవరికి పంపాలో ఎలా తెలుస్తుంది? ఆడేవాడే చెబుతాడు, నోటితో కాక వేలితో. ఎన్ని గంటలకు యాప్ తెరిచాడు, ఓడిన ఎన్ని నిమిషాలకు మళ్లీ డబ్బు వేశాడు, ఓడినప్పుడు పందెం పెంచాడా తగ్గించాడా, నెలలో ఏ తారీఖున ఖాతాలో డబ్బు పడుతోంది, ఎన్ని రోజులు ఆడకుండా ఉండగలిగాడు, ఏ మెసేజ్‌కు లొంగి తిరిగి వచ్చాడు, ఇవన్నీ నమోదవుతాయి. ఓడిన వెంటనే రెట్టింపు కాసేవాడు ఒక వర్గం, నిదానంగా ఆలోచించి కాసేవాడు ఒక వర్గం. ఎవరికి ఏ వల వేయాలో అక్కడ తేలిపోతుంది.

మన దగ్గర దొంగచాటుగా నడిచే పందేలకు ఇంత యంత్రాంగం కూడా అక్కర్లేదు. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో ఒక నంబరుకు డబ్బు పంపితే ఐడీ ఇస్తారు. పైన సూపర్ మాస్టర్, అతని కింద మాస్టర్, అతని కింద ఏజెంటు. ఆడేవాడు పోగొట్టుకున్న దాంట్లో వీళ్లకు వాటాలు. కాబట్టి మనం ఎంత ఓడితే ఏజెంటుకు అంత ఆదాయం. ఆ ఏజెంటు మన ఊరివాడే, మన వీధివాడే అయి ఉండవచ్చు. ఎవరు శనగలు అమ్మారో, ఎవరి కొడుకు బెంగళూరు నుంచి డబ్బు పంపాడో, ఎవరి ఇంట్లో పెళ్లి కోసం చీటీ పాడారో కంప్యూటర్‌కంటే అతనికి బాగా తెలుసు. ఐదారు వేలు పోగొట్టుకుని దిగాలుగా కూర్చున్నవాడికి రాత్రి పదకొండుకు ఫోన్ వస్తుంది. 'అన్నా, పోయినదానికి దిగులు పడొద్దు. రేపటి మ్యాచ్‌కు ఐదు వేలు వెయ్, నా తరఫున ఐదొందలు కలుపుతా. నువ్వు మనోడివి కాబట్టి చెబుతున్నా.' ఆ అన్నా అన్న పిలుపులో ఆప్యాయత ఉందనిపిస్తుంది. ఆ ఐదొందలు మాత్రం ఆ అన్న ముందు పోగొట్టుకున్న డబ్బులోంచే వచ్చాయి.

ఇక బోనస్ సంగతి. వెయ్యి వేస్తే వెయ్యి ఉచితం అన్నారు కదా. షరతులు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. బోనస్ డబ్బును బయటికి తీసుకోవాలంటే దానికి ఇరవై రెట్లు పందెం కాసి ఉండాలి అన్న రకం షరతు ఈ వ్యాపారంలో మామూలు. ఇరవై రెట్లంటే ఇరవై వేల రూపాయల పందేలు. ఇందాకటి లెక్క గుర్తుంది కదా, 1.90 రేటులో నూటికి ఐదు రూపాయలు నిర్వాహకుడివి. ఇరవై వేలకు ఐదు శాతం ఎంత? వెయ్యి. అంటే వాళ్లిచ్చిన వెయ్యీ సగటు లెక్కన వాళ్ల దగ్గరికే చేరుతుంది. షరతు ముప్పై రెట్లయితే ముప్పై వేల పందేల మీద పోయేది 1,500. వెయ్యి రూపాయల ఉచితానికి మన జేబులోంచి ఐదొందలు ఎదురు కట్టాం. పైగా ఇరవై వేల పందేలు కాసేసరికి చేతివేళ్లకు అది అలవాటైపోతుంది. ఆ అలవాటు కోసమే బోనస్ ఇస్తారు.

'లాస్ బ్యాక్' అని ఇంకొకటి ఉంది. వారంలో పోగొట్టుకున్నదాంట్లో పది శాతం తిరిగి ఇస్తారు. నగదుగా కాదు, మళ్లీ పందెం కాయడానికి పాయింట్లుగా. పదివేలు పోగొట్టుకున్నవాడికి వెయ్యి, లక్ష పోగొట్టుకున్నవాడికి పదివేలు. ఎవరు ఎక్కువ పోగొట్టుకుంటే వారికే ఎక్కువ మర్యాద. నాలుగు వారాలు గట్టిగా ఓడితే వీఐపీ అంటారు, విడిగా ఒక మేనేజర్‌ను పెడతారు, పుట్టినరోజుకు బహుమతి పంపుతారు. ఇది ఎంత లాభసాటి వ్యాపారమో బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడ ఒక పందేల కంపెనీకి వచ్చే డిపాజిట్లలో 83 శాతం కేవలం 2 శాతం ఖాతాదారుల నుంచే, అంటే వీఐపీల నుంచే వస్తోందని 2020 జనవరిలో బయటపడింది. నూటికి ఇద్దరి మీద కంపెనీ బతుకుతోందన్న మాట. ఆ ఇద్దరూ కోటీశ్వరులే కానక్కర్లేదు, తమను తాము ఆపుకోలేనివాళ్లయితే చాలు. ఆ తర్వాత అదే ఏడాది అక్టోబరులో అక్కడి జూద కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. ఎవరినైనా వీఐపీని చేసేముందు అతనికి అంత స్తోమత ఉందా, ఈ జూదం అతన్ని దెబ్బతీస్తోందా అని కంపెనీ విచారించాలి. బోనస్ షరతు పది రెట్లకు మించకూడదని కూడా బ్రిటన్ తర్వాత నియమం పెట్టింది.

ఓడేవాడికి ఎర్రతివాచీ పరుస్తారు సరే, గెలిచేవాడి సంగతేమిటి? మన పిల్లలు చాలామంది ఉన్న అమెరికాను చూద్దాం. 2018 మే నెలలో అక్కడి సుప్రీంకోర్టు పాత నిషేధాన్ని కొట్టేశాక, తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీతో సహా చాలా రాష్ట్రాలు క్రీడా పందేలను చట్టబద్ధం చేశాయి. అక్కడ లైసెన్సు ఉంది, పన్ను ఉంది, నియంత్రణ సంస్థ ఉంది. అయినా ఒక ఫిర్యాదు ఆగలేదు. లెక్కలు వేసి, ఓపికగా కాసి, వరసగా గెలిచేవాడి ఖాతాకు కంపెనీ హద్దు పెడుతుంది. నిన్నటిదాకా వెయ్యి డాలర్లు కాయగలిగినవాడు ఈ రోజు పది డాలర్లకు మించి కాయలేడు. కారణం చెప్పరు. మసాచుసెట్స్ రాష్ట్ర గేమింగ్ కమిషన్ 2024లో ఈ విషయం మీద కంపెనీలను పిలిచి బహిరంగ చర్చ పెట్టవలసి వచ్చింది. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ గుర్రప్పందేల సంస్థ ఇంకా ముందే, 2014లోనే ఒక నియమం చేసింది. నగర రేసుల్లో తనకు రెండు వేల డాలర్ల దాకా నష్టం తెచ్చే పందేన్ని ఎవరు కాసినా బుక్‌మేకర్ తీసుకుని తీరాలి, గెలిచేవాడని వెనక్కి పంపడానికి వీల్లేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఓడేవాడికి బోనస్, గెలిచేవాడికి హద్దు. ఓడేవాడు మానేస్తానంటే బతిమాలతారు, గెలిచేవాడు ఆడతానంటే తలుపు వేస్తారు. ఓటమి మాత్రమే మిగిలేలా మనుషులను ఏరి కూర్చే పని ఇది. నైపుణ్యం ఉంటే గెలవచ్చు అని ప్రకటనల్లో చెబుతూ, నైపుణ్యం కనబడగానే బయటికి పంపే వ్యాపారం తన మాటకు తానే కట్టుబడలేదు.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, అది వినదగ్గది. అన్ని వ్యాపారాల్లోనూ తలా ఒక ధర ఉంది కదా అంటారు. సంక్రాంతికి ప్రైవేటు బస్సు టికెట్ పెరుగుతుంది, విమానం టికెట్ గంటకో ధర, కిరాణా కొట్టువాడు పాత ఖాతాదారుకు పది రూపాయలు తగ్గిస్తాడు, వాటిని తప్పు పట్టని మనం దీన్ని ఎందుకు తప్పు పట్టాలి? నా సమాధానం ఇది. బస్సు టికెట్ పెరిగితే ఆ పెరుగుదల అందరికీ కనబడుతుంది, వద్దనుకుంటే రైలెక్కవచ్చు, కొన్నవాడికి కనీసం ప్రయాణం దక్కుతుంది. కిరాణా కొట్టువాడికి తన ఖాతాదారు పచ్చగా ఉండాలి, పచ్చగా ఉంటేనే వచ్చే నెలా సరుకులు కొంటాడు. పందెం నిర్వాహకుడికీ ఖాతాదారుకీ మధ్య ఉన్నది వేరే సంబంధం. ఇక్కడ ఒకడి నష్టమే రెండోవాడి రాబడి. అలాంటి చోట ఒక పక్షానికి రెండో పక్షం గురించి అన్నీ తెలిసి, రెండో పక్షానికి ఏమీ తెలియకపోతే ఆ బేరంలో సమ్మతి అన్నది పేరుకే మిగులుతుంది. వినియోగదారులను మాయచేసే డార్క్ ప్యాటర్న్స్‌ను, అంటే తెర మీది మోసపు పద్ధతులను, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో పదమూడు రకాలుగా గుర్తించి నిషేధించింది. 'ఈ రాత్రి వరకే' అంటూ లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి. చీరల వెబ్‌సైట్‌కే అది తప్పయినప్పుడు, ఓడి నిద్రపట్టని మనిషికి అర్ధరాత్రి పంపే ఆఫర్‌కు ఒప్పు ఎలా అవుతుంది?

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. 22వ తేదీన రాష్ట్రపతి సంతకం చేశారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. పెద్ద ఫాంటసీ క్రికెట్ కంపెనీలు ఆ చట్టం రాగానే డబ్బు పోటీలను ఆపేశాయి. పందేలను చట్టబద్ధం చేసి అదుపులో పెట్టడమే మేలని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ లోధా కమిటీ 2016లోనూ, పూర్తిగా ఆపలేకపోతే అదుపులో పెట్టడమే దారని లా కమిషన్ తన 276వ నివేదికలో 2018లోనూ అన్న మాట నిజం. పార్లమెంటు ఆ దారి పట్టలేదు.

అయినా దొంగ యాప్‌లు పోలేదు. ఒక పేరు మూస్తే ఇంకొక పేరుతో వస్తున్నాయి, విదేశాల్లో ఎక్కడో నమోదై ఉంటాయి. నిషేధం ఉన్న చోట ఆడేవాడి పరిస్థితి ఇంకా అన్యాయం. ఎందుకంటే 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన డబ్బు ఇవ్వలేదని ఏ కోర్టుకూ వెళ్లలేరు. రేటు మార్చారని, ఐడీ మూసేశారని, బోనస్ ఎగ్గొట్టారని ఎవరికీ చెప్పుకోలేరు. ఐదు వేలు గెలిస్తే చెల్లించి, ఐదు లక్షలు గెలిస్తే నంబరు బ్లాక్ చేస్తే దిక్కు లేదు. అప్పు చేసి ఆడినవాడికి మాత్రం ఆ అప్పు నిజం, దాని వడ్డీ నిజం, తాకట్టు పెట్టిన పుస్తెల తాడు నిజం.

శ్రీశైలం వెళ్లే దారిలో, గుడికి ముందే సాక్షి గణపతి ఆలయం వస్తుంది. స్వామి కలం, పుస్తకం పట్టుకుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటాడని, మన యాత్రకు ఆయనే సాక్షి అని తరతరాల నమ్మకం. ఎవరి పేరు ఉందో, ఏం రాశారో దాచే లెక్క కాదది. అక్కడ భక్తుడు తానే ఆగి తన పేరు చెప్పుకుంటాడు, రాజైనా కూలీ అయినా అదే పుస్తకంలోకి ఎక్కుతాడు. ఫోన్‌లో పందేల యాప్ కూడా మన లెక్క రాస్తుంది. ఆ పుస్తకం మనకు ఎప్పుడూ చూపించదు, అందులో రాసుకున్నది మన మీదే వాడుతుంది. వ్యక్తిగత సమాచార రక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది. తన గురించి ఏం సేకరించారో అడిగే హక్కు పౌరుడికి అందులో రాసి ఉంది. ఆ హక్కును ఒక దొంగ యాప్ ముందు ఎవరు వాడగలరు?

అందుకని నా మాట రెండు వైపులా చెబుతాను. రేపెప్పుడైనా పాలకులు పందేలను చట్టబద్ధం చేయాలని ఆలోచిస్తే మూడు షరతులు లేకుండా ఆ దారి పట్టకూడదు. ఒకటి, ఒకే సమయంలో ఒకే పందేనికి అందరికీ ఒకే రేటు, ఆ రేటులో నిర్వాహకుడి వాటా ఎంతో పక్కనే రాసి ఉండాలి. రెండు, ఓడినదాన్ని బట్టి ఇచ్చే ఏ బహుమతీ, ఏ వీఐపీ హోదా ఉండకూడదు. గెలిచేవాడికి ఏ హద్దు ఉంటే ఓడేవాడికీ అదే హద్దు ఉండాలి. మూడు, ప్రతి ఖాతాదారుకూ నెలకోసారి ఎంత వేశాడు, ఎంత వచ్చింది, నికరంగా ఎంత పోయింది అన్న లెక్క పెద్ద అక్షరాల్లో తెలుగులో ఇవ్వాలి. ఈ మూడింటికీ ఒప్పుకుంటే ఆ వ్యాపారంలో లాభం చాలా తగ్గిపోతుంది. అంత తగ్గుతుందంటే, ఇన్నాళ్లూ ఆ లాభం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయినట్టే.

ఇక ఇప్పటి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందెం నేరం, దానికి తోడు గెలవనివ్వని ఆట. యువకులారా, మీకు వచ్చిన ఆఫర్ మీ అదృష్టం కాదు. మీరు ఓడతారన్న లెక్క తేలాక పంపిన కాగితం అది. 'మీ కోసమే ప్రత్యేకం' అన్న మాట కనబడితే, మీ గురించి వాళ్లకు ఏం తెలిసిందని ఆ ప్రత్యేకత అని ఒక్కసారి ఆలోచించండి. ఇప్పటికే ఆడుతున్నవాళ్లు ఒక పని చేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, గత ఆరు నెలల్లో పంపినది ఒక వరుసలో, తిరిగి వచ్చినది ఒక వరుసలో రాసి కూడండి. గెలిచిన రోజులు జ్ఞాపకం ఉంటాయి, ఓడిన రోజులు మరుపున పడతాయి, కాగితానికి మరుపు లేదు.

సినిమావాళ్లకూ, యూట్యూబ్‌లో పేరున్నవాళ్లకూ ఒక విన్నపం. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు పలువురి మీద కేసులు పెట్టారు. చట్టానికి భయపడి మానేయడం ఒక ఎత్తు. మీ ముఖం చూసి నమ్మి డబ్బు వేసిన కుర్రాడు ఏ రేటులో, ఏ షరతుతో ఆడాడో మీకు కూడా తెలియదని గ్రహించి మానేయడం ఇంకొక ఎత్తు.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. పిల్లవాడు పందెంలో పోగొట్టుకున్నాడని తెలిసినప్పుడు తిట్టడం, కొట్టడం, ఇంటి నుంచి పొమ్మనడం వల్ల వాడు మళ్లీ ఆ ఏజెంటు దగ్గరికే వెళతాడు, ఎందుకంటే ఆ రాత్రి వాడిని ఆప్యాయంగా పలకరించేది అతనొక్కడే. జూదం మానలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రుగ్మతగా గుర్తించింది. రుగ్మతకు వైద్యం ఉంది. టెలి మానస్ నంబరు 14416. రాత్రి పగలు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఒకే మ్యాచ్‌కు మనిషికో రేటు పెట్టేవాడి దగ్గర పందెం కాయకండి. కాసి నష్టపోయినవాడిని మాత్రం దూరం చేసుకోకండి. ఆ రెండు నంబర్లు మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి. 14416, 1930.